అందరి క్యారేజీల్లోనూ జోజిగారే

మా మేనేజరు జోజిగారికి ఒకే ఒక్క జబ్బు. పక్కవాళ్ళు క్యారేజీ మూత తీస్తే ఆగలేరు. అంబాజీపేట దగ్గర మా కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే, చెంచా పుచ్చుకుని బయల్దేరతారు. పీచు ఆరబోసేవాళ్ళ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా ఏ ఒక్క క్యారేజీనీ వదలరు. ఆయన సొంత క్యారేజీ మాత్రం ఎలా వచ్చిందో అలాగే ఇంటికి పోతుంది.

"ఏం కూరండీ, సత్తెమ్మగారూ?"

"పనసపొట్టండి."

"ఆవ ఘాటెక్కిందండీ. మీ ఆయనతో మళ్ళీ మాటల్లేవా ఏంటి?"

సత్తెమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేసేవారు.

నేను అక్కడ లెక్కలు రాసేవాణ్ణి. మేనేజరన్నాక మీటింగులు పెట్టాలి, కళ్ళెర్రజేయాలి, కనీసం చేతులు వెనక్కి కట్టుకుని తిరగాలి. ఈయనా? మా ఆవిడ చింతచిగురు రొయ్యలు వండి పంపితే, రొయ్యలన్నీ ఏరుకు తినేసి, "చిగురు ఒంటికి మంచిదండి, తినండి" అన్నారు! ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

ఈ మధ్య ఆయన మోజంతా తాడు మిషను మీద పనిచేసే రెబెకాగారి కూరల మీద పడింది. ఆవిడేమో నెల్లాళ్ళుగా రోజూ ఆలస్యం. ఆవిడ వచ్చేదాకా మిషను ఆగిపోయి ఉండేది.

మా యజమాని దొరబాబుగారు శనివారం వాడపల్లి వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, వచ్చేదారిలో మామీద కోపం తీర్చుకుని పోతారు. ఆ శనివారం ఆయన రావడమూ, మిషను ఖాళీగా కనబడటమూ ఒక్కసారే జరిగింది.

"ఈవిడ రోజూ ఇంతేనా?" అని నన్ను అడిగేరు.

"ఇంతేనండి" అన్నాను.

"అయితే సోమవారం నుంచి రావద్దని చెప్పండి."

అప్పుడే గేట్లోంచి పరుగున వచ్చిన రెబెకాగారు ఆ మాట విని కొయ్యబారిపోయేరు. ఆ జీతం లేకపోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదని మా అందరికీ తెలుసు.

"ఎంతమాటన్నారండీ!" అని జోజిగారు అడ్డొచ్చేరు. "ఈవిణ్ణి తీసేస్తే మధ్యాహ్నం నేనేం తినాలండీ?"

"మీకు కూర పెట్టడానికా నేను జీతాలిచ్చేది?"

"ఆయ్, అలా కాదండి. ఎనిమిదింటికి బదులు పదింటికి రమ్మనండి. తీరిగ్గా వండితే కూర ఇంకా బావుంటుంది. పొద్దున్నపూట మిషను, పీచు ఆరబోసే లీలావతిగారు చూస్తారు. ఈవిడ సాయంత్రం ఆ రెండు గంటలూ ఉండి చేస్తారు."

దొరబాబుగారు కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వేరు. "ఇంత తిండిపోతు మేనేజర్ని నేనెక్కడా చూళ్ళేదండీ బాబూ! సరే, కానివ్వండి" అని కారెక్కేరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫ్యాక్టరీ వేళలు మార్పించిన ఆ కూరేంటో చూద్దామని, మధ్యాహ్నం నేనూ వెళ్ళి ఓ ముద్ద అడిగేను. బీరకాయ కూర. నోట్లో పెట్టుకున్నాను కదా, ఉప్పు లేదు, కారం లేదు. మంచినీళ్ళతో మింగేను. పక్కన జోజిగారు "బ్రహ్మాండం!" అంటూ లాగించేస్తున్నారు.

ఆయన్ని పక్కకి లాక్కెళ్ళేను. "అందులో ఉప్పే లేదు కదండీ!"

"నెల్లాళ్ళ నుంచీ లేదండి" అన్నారు మెల్లిగా. "ఇంట్లో ఎవరో పథ్యంలో ఉన్నట్టున్నారు. పొద్దున్నే వాళ్ళకన్నీ చేసి రావాలి కదా. రెండు వంటలు వండే తీరికెక్కడిది? ఇంటిల్లిపాదికీ ఆ చప్పిడే. ఆలస్యం కాక ఏమవుతుంది?"

"ఆ మాటే దొరబాబుగారితో చెప్పొచ్చు కదండీ?"

"ఆవిడే ఎవరికీ చెప్పుకోలేదు. అందరి ముందూ నేనెలా చెప్తానండీ? నన్ను తిండిపోతన్నారు, అంతే కదా. నాకేం పోయింది?"

ఆ క్షణంలో ఆ మనిషంటే నాకు చెప్పలేనంత ఇష్టం పుట్టింది.

సోమవారం సరిగ్గా పదింటికి రెబెకాగారు వచ్చేరు. చేతిలో రెండు క్యారేజీలు. మధ్యాహ్నం అందులో పెద్దది తెచ్చి జోజిగారి ముందు పెట్టేరు.

"నా వంటంటే మీకంత ఇష్టమని తెలీదండి. ఇంట్లో వాళ్ళే మొహం తిప్పేస్తారు. ఇక రోజూ మీక్కూడా తెస్తానండి."

జోజిగారు ఒక్కసారి నావైపు చూసేరు. నేను కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను. ఆయన చేతులు కడుక్కుని, బాసింపట్టు వేసుకుని, మూడు గిన్నెలూ అడుగంటా ఊడ్చి తిన్నారు.

"ఎలా ఉందండీ?" అన్నారు రెబెకాగారు ఆత్రంగా.

"రేపు ఇంకో గరిటె ఎక్కువ పెట్టండమ్మా" అన్నారు జోజిగారు.