దేవప్ప సార్ పోలికలు

ఎవరిని చూసినా ఏదో ఒక జంతువుతో పోల్చకుండా దేవప్ప సార్ ఉండలేరు. నౌబాద్ దగ్గరున్న మా డిగ్రీ కాలేజీలో ఆయన సైకాలజీ లెక్చరర్. నేను జహీరాబాద్ నుంచి వచ్చి కామర్స్ లెక్చరర్‌గా చేరిన మొదటి రోజు, సిగ్గుపడి గోడవైపు తిరిగి టిఫిన్ డబ్బా విప్పాను.

"ఉడత గూడ అంతే, మధులికమ్మా. ఎవరన్న చూస్తుంటే వీపు తిప్పి దాచుకుంటది."

"నేనేం దాచుకుంటలేను సార్."

"అది గూడ ఒప్పుకోదు."

ఒకసారి మీటింగులో ముందెవరు మాట్లాడాలని ఇద్దరు లెక్చరర్లు పోట్లాడుకుంటుంటే, గింజల దగ్గర ఏ కోడి ముందో ఎట్లా తేలుతుందో పావుగంట వివరించారు. వాళ్ళిద్దరూ ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు. అప్పటికే కాకుల గురించి చదవడంలో పడ్డారు.

ఆయన ప్రాణమంతా ఒక్క పేపరు: జంతువుల మనసునూ మనుషుల మనసునూ పక్కపక్కన పెట్టి చదివే తులనాత్మక మనస్తత్వ శాస్త్రం. ఒకప్పుడు నలభై మంది విద్యార్థులు దాన్ని ఎంచుకునేవారట. ఈ ఏడు ముగ్గురు. మిగతావాళ్ళు కౌన్సెలింగ్ పేపరుకు వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ భీమ్‌రావ్ గారు స్టాఫ్ రూంకే వచ్చి చెప్పేశారు.

"వచ్చే ఏడు తీసేస్తున్నం, దేవప్పా. కోతుల గురించి చదివితే నౌకరీ ఎవరిస్తరు?"

"మనుషుల గురించి చదివినోళ్ళందరికీ దొరికిందా సార్?" అని మెల్లగా అడిగి, బయటికి వెళ్ళిపోయారు. ఆ రోజంతా ఎవరినీ దేనితోనూ పోల్చలేదు. మాకే ఏమీ తోచలేదు.

ఆ ముగ్గురిలో జనవాడ నుంచి వచ్చే భాగ్యజ్యోతి ఒకతె. సెమినార్ రోజు మాట్లాడటానికి లేచి, ఒక్క ముక్కా చెప్పకుండానే మెట్ల మీదికొచ్చి ఏడుస్తూ కూర్చుంది. నేను వెళ్ళేసరికి దేవప్ప సార్ రెండు మెట్ల కింద కూర్చుని ఉన్నారు.

"మీ ఇంట్ల మేకలున్నయా?"

"ఉన్నయ్ సార్."

"కొత్త మేకను తెస్తే ఏం జేస్తది?"

"దూరం నిలవడ్తది. మేత గూడ ముట్టది."

"మీ అమ్మ తిడ్తదా దాన్ని?"

"లేదు సార్. నాల్గు రోజులైతే అదే కలుస్తది అంటది."

"మరి నిన్ను నువ్వెందుకు తిట్టుకుంటున్నవు?"

ఆయన మనుషుల్ని తక్కువ చేస్తున్నారని ఇన్నాళ్ళూ నొచ్చుకున్నాం. నీ ఒక్కదానికే ఇట్లా కాదమ్మా అని చెప్పడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే.

నాలుగో రోజున భాగ్యజ్యోతి క్లాసు ముందు మాట్లాడింది. అరగంటసేపు.

జూన్‌లో పేపరు పోయింది. దేవప్ప సార్ శనివారాలు వరండాలో మార్కుల్లేని క్లాసు మొదలుపెట్టారు. మొదటి వారమే పదకొండు మంది వచ్చారు. నాలుగో వారం ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

"దేవప్పా, మా కుక్క నా భార్య పిలిస్తే ఉరుకుతది. నేను పిలిస్తే మంచం కిందికి పోతది. ఎందుకట్ల?"

"మీరెట్ల పిలుస్తరో ఒకసారి చూపించుండ్రి సార్."

ప్రిన్సిపాల్ గారు కాలేజీలో అరిచే గొంతుతోనే "ఏయ్, ఇట్రా!" అని పిలిచి చూపించారు. క్లాసులోని పిల్లలందరూ ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.