పత్తి వాద్యారి ప్రమాణం

ఆ మనిషి ఉడుమలైపేటలో మా అన్న ఇంటి ఎదుట అద్దెకు దిగిన ఏడాది పత్తి ధర మండిపోతోంది. ఇంగ్లండు సీమలో మరమగ్గాలకు కావాలని దొరల కంపెనీ వాళ్లు బండ్లకు బండ్లు కొంటున్నారు. అతను తిన్నె మీద చాప పరిచి, కాయ పగలకముందే ధర కనిపెట్టే విద్య నేర్పుతానన్నాడు. రుసుము తాంబూలం కింద పెట్టి ఇవ్వాలి. అందరూ అతన్ని, అరవంలో పంతుల్ని పిలిచినట్టు, వాద్యారు అన్నారు. తరాల తరబడి అరవనాట బతుకుతున్నాం కదా, కొత్తవాడి నోట తెలుగు వినబడితే చాలు, మా వాళ్లు చెంబుతో నీళ్లిచ్చి కూర్చోబెడతారు. ఇంకేమీ అడగరు.

పాఠం ఇంతే. పూత మీదున్న చేను పంటను నేటి ధరకు బేరం చేసుకోవాలి. కాయ పగిలేనాటికి ధర పెరిగితే లాభం మనది.

తగ్గితే, అని నేనడిగాను. నేను మద్రాసులో కాలేజీ చదివి, మొగుడు పోయాక అన్న పంచన చేరినదాన్ని. ఆడది తిన్నె దగ్గర నిలబడి అడగడమే తప్పు, జవాబు చెప్పమని నిలదీయడం ఇంకా పెద్ద తప్పు.

"తగ్గదమ్మా. విద్య గుట్టుగా ఉన్నంతకాలం తగ్గదు," అన్నాడు.

"మరి మీరెందుకు కొనరు?"

"నేర్పేవాడు బేరం చేస్తే విద్య చెడుతుంది. మా గురువు ఆన."

ఇంత నున్నటి జవాబు నేను కాలేజీలో కూడా వినలేదు.

చేరిన ప్రతివాడి చేతా ఇలవేల్పు మీద ప్రమాణం చేయించాడు. ఏ చేను కొన్నదీ, ఏం మిగిలిందీ పెళ్లానికి కూడా చెప్పకూడదు. చెప్పినవాడికే నష్టం. అతని తెలివంతా ఆ చివరి మాటలో ఉంది.

అన్న ఆ బేరానికి బావి చేను తాకట్టు పెట్టాడు. మాకు నీళ్లున్న నేల అదొక్కటే, తక్కినదంతా వాన కోసం నోరు తెరిచే నల్లరేగడి. కూడు తిననివ్వకుండా నేను సతాయించినా ఎవరి చేను కొన్నదీ నాతో అనలేదు.

కాయ పగిలేసరికి సీమ నుంచి తంతి వచ్చిందన్నారు. ధర కూలింది. కంపెనీ బండ్లు రావడం మానేశాయి.

నీళ్ల దగ్గర ఆడవాళ్లను చూస్తేనే తెలిసిపోయింది. ఒకామె మెడ బోసిగా ఉంది, ఇంకొకామె ఇంట ఎడ్లు లేవట. ఇంటింటికీ తిరిగాను. అందరూ కలిసి పట్టుకుంటే రుసుమైనా కక్కుతాడని మొగవాళ్లతో మొత్తుకున్నాను. నష్టపోయానని ఒక్కడూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే దేవత ఎదుట ఆన తప్పినట్టే గదా. ఎడ్లు అమ్ముకున్నాయన సైతం మీసం తడుముకుంటూ, మాకు బాగానే మిగిలిందన్నాడు. లోపల వాళ్లావిడ ఏడుపు ఇద్దరికీ వినబడుతూనే ఉంది. నా జన్మలో అంతమందితో వాదించి అంత ఘోరంగా ఓడిపోలేదు.

అన్న మళ్లీ అతని దగ్గరికే పోయాడు, ఈసారి ప్రాయశ్చిత్తానికి. దానికి వేరే రుసుము. వదిన కమ్మలు అలా పోయాయి. ఆ తర్వాత వాద్యారు ఇల్లు ఖాళీ చేశాడు. బోడినాయకనూరులో ఏలకుల విద్య నేర్పుతున్నాడని విన్నాం.

తాకట్టు గడువు దాటింది. బావి చేలో పరాయి నాగలి దిగిన పొద్దున అన్న గట్టు మీద కూలబడ్డాడు. పక్కన నిలబడ్డాను.

"అమ్మణ్ణీ, నిజం చెప్పు. నోరు జారి నీతో ఏమన్నా అన్నానా?"

"అనలేదన్నా. అన్నంతమాత్రాన సీమలో పత్తి ధర పడుతుందా?"

చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"అయితే నిద్దట్లో వాగి ఉంటాను. మీ వదిన విని ఎవరితోనో అనుంటుంది," అని లేచి, ఇంటివైపు విసవిసా నడిచాడు.

వదిన పొయ్యి దగ్గర ఒక్కతే ఉంది. నేను కుచ్చిళ్లు ఎగ్గట్టి ఆయన వెనకే పరిగెత్తాను.