హాల్‌బ్రిడ్జ్ గారికి పారమట్టాలో సన్మానం

రేపల్లె దగ్గరి మిషన్ బడిలో ఫస్టు మార్కు ఎప్పుడూ తనదేనని ఎలియాజర్ గారు ఇప్పటికీ చెబుతారు. ఆ తరగతిలో ఉన్నది నలుగురేనని ఆయన భార్య అమృతం గారు గుర్తుచేస్తారు. యాభై దాటాక, వలస వెళ్లిన విదేశీ పట్నం పారమట్టాలో పగలు ఆఫీసు చేసుకుంటూ, సాయంత్రాలు యూనివర్సిటీలో లా చదవడానికి చేరారాయన. అన్నీ గట్టెక్కాయి, ఒక్క చరిత్ర పేపరు తప్ప. అది ఒకసారి తప్పారు. మళ్లీ తప్పితే డిగ్రీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈసారి పరీక్ష, పందొమ్మిదో శతాబ్దపు అమెరికా లాయరు, రాజకీయ నాయకుడు ఆరిన్ హాల్‌బ్రిడ్జ్ మీద పది నిమిషాల ప్రసంగం. ఎలియాజర్ గారికి ప్రసంగమంటే భయమా? తెలుగు చర్చికి ఏ దైవసేవకుడు వచ్చినా సభకు పరిచయం చేసేది ఆయనే.

"టెన్ మినిట్సేనంట, గుర్తుందా?" అన్నారు అమృతం గారు టై సర్దుతూ.

"నీకేం తెలుసే! మైకు పట్టుకున్నాక టైము నా చేతిలో ఉంటది."

ఉండలేదు. గౌరవనీయులైన హాల్‌బ్రిడ్జ్ గారు ఏ ఊళ్లో పుట్టారో, కన్నతల్లి ఎంత భక్తిపరురాలో, ఎవరి దగ్గర గుమాస్తాగా ఉండి లా నేర్చారో చెప్పి, ఊరి కోర్టు నుంచి రాష్ట్ర శాసనసభకు, అక్కడి నుంచి కాంగ్రెసుకు ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తుండగానే గంట మోగింది. చప్పట్ల కోసం ఆగారు. ఎవరూ కొట్టలేదు.

"మూడుసార్లు పార్టీ మారాడు కదా, ఆ మాటే ఎత్తలేదేం ఎలియాజర్?" అంది పాఠం చెప్పే కరోలిన్. "ఎందుకు మారాడు? నీ అభిప్రాయానికే మార్కులు."

సన్మాన సభలో అలాంటివి ఎత్తుతారా! పుస్తకాల్లో చదివిన సిద్ధాంతాలలో ఒక్క ముక్కా నోటికి రాలేదు. వచ్చింది సొంత చరిత్రే.

"సిద్ధాంతం కోసమని అందరికీ చెప్పుంటాడు మేడమ్. నేనూ చర్చి మారినప్పుడల్లా దేవుని వాక్యం కోసమనే చెప్పాను. అసలు సంగతి, పాతచోట సెక్రటరీ పోస్టు ఇంకొకాయనకి ఇచ్చారు."

క్లాసంతా ఘొల్లుమంది. కరోలిన్ నవ్వలేదు. "హాల్‌బ్రిడ్జ్ విషయంలో ఆధారం?"

పదవులు వల్లించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. "మారిన ప్రతిసారీ, అంతకు ముందే టికెట్టు వేరేవాళ్లకి వెళ్లింది మేడమ్," అని సంవత్సరాలతో సహా ఏకరువు పెట్టారు.

"ఇది ముందే చెప్పాల్సింది. పాస్," అంది కరోలిన్.

మెట్లు దిగుతుంటే పక్క బెంచీ హైదరాబాదు పిల్ల ఫరహ్ అందుకుంది. "అంకుల్, నెక్స్ట్ ఏ చర్చి మరి?"

"జులైలో మా చర్చి సెక్రటరీ ఎలక్షనుందమ్మా," అన్నారాయన టై వదులు చేసుకుంటూ. "రిజల్టు చూసి చెప్తా."