సాగదీసిన లోతు

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను యానాంలో ఒక కంటి ఆసుపత్రికి సీనియర్ ఇమేజింగ్ టెక్నీషియన్‌గా వేశారు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. దాన్ని మైక్రోస్కోపుతో పైనుంచి అడుగుదాకా అంచెలంచెలుగా ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో వాటిని పేర్చి ఒకే బొమ్మగా కట్టడం నా పని. ఆ బొమ్మను ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. రోగం ఏమిటో చెప్పే అధికారం మాత్రం డాక్టరుదే.

మెట్టకూరు వీర్రాజు గోదావరిలో చేపలు పట్టేవాడు. చిన్నప్పుడే ఎడమ కన్ను పోయింది. వల విదిలిస్తుంటే అందులో చిక్కిన ముళ్లకంప ఆ మిగిలిన కంటికి గీరుకుని, బూజు పట్టింది. పైనుంచి చూస్తే నువ్వుగింజంత మచ్చ. బొమ్మను పక్కకు తిప్పితే, బూజు పోగులు పొర మందంలో ముప్పాతిక వంతు దిగిపోయి ఉన్నాయి. ఇక చుక్కల మందుతో లాభం లేదని, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి పొర మార్పించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అతను నమ్మలేదు. బొమ్మ చూపించమని నాకు పురమాయించింది.

వీర్రాజు తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి చూశాడు. "నిజంగా అంత లోతుందాండీ బాబూ?" అన్నాడు.

మా పనిలో ఒక అలవాటుంది. ఆ పొర మందం మహా అయితే చేతిగోరంత. ఉన్నదున్నట్టు కడితే పక్కనుంచి సన్నని గీతలా ఉంటుంది, చూసేవాళ్లకు ఏమీ తెలియదు. అందుకని లోతును మాత్రం నాలుగైదు రెట్లు సాగదీసి చూపిస్తాం. అడిగినవాడికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అంత లేదయ్యా, కనబడాలని సాగదీశాం అన్నాను.

"అదీ సంగతి! పెంచి చూపించేరన్నమాట. నువ్వుగింజకి కన్ను కోయించుకోమంటారేటండీ?" అని లేచిపోయాడు. సాగదీస్తే పొరా, బూజూ కలిసే సాగుతాయని, ముప్పాతిక ముప్పాతికగానే ఉంటుందని వెనకాల నేను చెబుతూనే ఉన్నాను. అతనికి మొదటి మాటే చాలింది. డాక్టరమ్మ గేటుదాకా వెళ్లి బతిమాలింది. భార్య నాగమణి చెయ్యి పట్టుకు లాగింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

వానలు పడ్డాక మళ్లీ వచ్చాడు, నాగమణి భుజం పట్టుకుని. కన్ను మొత్తం తెల్లబడింది. పెద్దాసుపత్రికి వెళ్లొచ్చారట. బూజు లోపలికంతా పాకిపోయింది, ఇక చూపు రాదన్నారట. అయినా నా గదికే వచ్చాడు.

"ఈసారి సాగదీయకుండా చూసి చెప్పండి బాబూ, ఎంత లోతుందో" అన్నాడు.

డాక్టరమ్మను అడిగి మిషను పెట్టాను. తెల్లబడిన పొరలోంచి వెలుతురు లోపలికి పోదు. తెరమీద ఏమీ పడలేదు. నాగమణి ఆ ఖాళీ తెర వంకే చూస్తూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా రోగికి ముందు ఉన్నదున్నట్టు ఆ గీతనే చూపించాను. బూజు అందులో ఎక్కడిదాకా దిగిందో వేలు పెట్టి చెప్పి, ఆ తర్వాతే అతని కళ్లముందే సాగదీసేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లు టైం వేస్టని విసుక్కునేవాళ్లు. ఎంతలో ఎంత దిగిందన్నది ముందు చెప్పాలి, సాగదీసిన సంగతి తర్వాత చెప్పాలి. వీర్రాజు అడిగిన రోజు ఆ రెండు మాటలూ నా నోట తారుమారుగా వచ్చాయి.