ఆమె గడ్డం వాడితో గెలిచింది

ఫ్లెక్సీ పనిలో ఒళ్లు ఎవరూ ఇవ్వరు. పుట్టినరోజు పిల్లాడైనా, వార్డు నాయకుడైనా ముఖం ఒక్కటే ఫోనులో పంపిస్తారు. ఒళ్లు మా దగ్గరే ఉంటాయి. కోదాడలో నా షాపు కంప్యూటరులో 'బాడీలు' అని ఒక ఫోల్డరు ఉంది. కోటు తొడుక్కున్నవి, తెల్లచొక్కా వేసుకుని చేతులు జోడించినవి, గుర్రం మీద కూర్చున్నవి. మెడ దగ్గర కోసి, అతికించి, రంగు కలిపితే అయిపోతుంది. ఎన్నడూ కోటు వేసుకోని మనిషి చౌరస్తాలో కోటు తొడుక్కుని నవ్వుతుంటే ఎవరూ తప్పు పట్టరు. మా దగ్గర అదొక మర్యాద.

ఆ మర్యాద చాటున నా బావమరిది తప్పించుకున్నాడు. నేనూ తప్పించుకున్నాను. ఇప్పుడు ఇద్దరినీ బయటికి లాగుతున్నాను.

నా భార్య తమ్ముడు సూర్యాపేటలో గేమింగ్ సెంటర్ నడుపుతాడు. గంటల లెక్కన కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడుకునే చోటు. ఒక ఆదివారం పోటీ పెట్టాడు. అంతమంది కుర్రాళ్ల మధ్య గెలిచింది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటరుగా చేసే పాతికేళ్ల అమ్మాయి. బ్యానర్లు కట్టడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

ఆ ఆటలో యోధుల్లో ఎవరినైనా ఎంచుకోవచ్చు. మగవాళ్లకు మెడ నుంచి మడమ దాకా ఇనుమే. ఆడమనిషికి మాత్రం రొమ్ముల మీద రెండు రేకులు, నడుము కింద ఒక తోలుపట్టీ. అవి వేసుకునే కత్తుల మధ్యకు దూకుతుంది. ఆటంతా ఆమె వెనకభాగమే తెర నిండా కనిపిస్తుంది. ఆ అమ్మాయి ఆమె జోలికే పోలేదు. సుత్తి పట్టుకున్న పొట్టి గడ్డం ముసలివాణ్ని తీసుకుంది. ఆడమనిషి ఉండగా వాడెందుకని బావమరిది నవ్వుతూ అడిగాడు.

"ఆమెను తీసుకుంటే నా ఆట ఎవరు సూస్తరన్నా? ఎనక నిలబడ్డోళ్లంత ఆమెనే సూస్తరు."

కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు. గెలిచినందుకు అభినందన ఫ్లెక్సీ కావాలన్నాడు. బస్టాండ్ ఎదురుగా, దూరానికి కూడా కనబడేంత పెద్దది. ఆమె ఫొటో పంపాడు. చున్నీ సర్దుకుని, గెలిచిన కప్పు పట్టుకుని నిలబడి ఉంది. దాంతోపాటే ఒళ్లు కూడా పంపాడు. రెండు రేకులావిడ ఒళ్లు. ఆమె ఆడింది గడ్డం వాడితో కదా అన్నాను.

"గడ్డపోని మీద ఆడపిల్ల తలకాయ పెడితే ఎవడొస్తడు బావా?"

ఇన్నాళ్లూ నేను చెప్పని మాట ఒకటుంది. అలవాటు కొద్దీ అతికించానని అడిగిన వాళ్లందరికీ చెప్పాను. అబద్ధం. ప్రతి ఫ్లెక్సీకీ కింద మూలన మా షాపు పేరు వేస్తాం, మాకు అదే ప్రచారం. ఆ ఒక్కదానికి వేయలేదు. పేరు తీసేసిన చేతికి తానేం చేస్తున్నదీ తెలుసు. ఆమె మెడ రంగు ఆ చర్మంతో కలిసేదాకా ఓపిగ్గా కూర్చున్నాను కూడా.

కొద్ది రోజుల్లోనే ఆ బొమ్మ మిల్లుకొచ్చే లారీ డ్రైవర్ల ఫోన్లలోకి ఎక్కింది. ఆమె కాటా చీటీ ఇస్తుంటే వాళ్లు ఫోను ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టేవారట. ఆమె సూర్యాపేట వచ్చి నా బావమరిదిని నిలదీసింది. వాడు అందరి ముందూ ఒకటే మాట అన్నాడు. "నువ్వే గదమ్మా ఫొటో ఇచ్చి గట్లనే పెట్టమన్నవ్."

ఆ మాట మిల్లు దాకా వెళ్లింది. ఆమె ఉద్యోగం పోయింది. ఇంట్లో గొడవెందుకని నేను నోరు మూసుకున్నాను.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఆమె నా షాపుకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, తనకు అతికించిన ఒళ్లు ఇంకా ఉందా అని అడిగింది. ఉంది, తీసేయలేదు. తెర మీద ఆ తల లేని బొమ్మను, బట్టల షాపులో చీర నాణ్యం చూసినట్టు చూసింది.

"మీ బావమరిది మిర్యాలగూడల ఇంకో సెంటర్ తెరుస్తుండట గదా. ఫ్లెక్సీ నువ్వే కొడ్తవ్. గీ ఒంటి మీద ఆయన తలకాయ పెట్టన్నా."

పెట్టాను. మీసం, కళ్లజోడు, నుదుటి బొట్టు అన్నీ ఉంచాను. ఈసారి మెడ రంగు ఇంకా బాగా కలిసింది. హుజూర్‌నగర్ మీదుగా ఆటోలో ఫ్రేము నేనే తీసుకెళ్లి కొత్త సెంటర్ గుమ్మం మీద కట్టాను. కింద మూలన షాపు పేరు పెద్దక్షరాలతో వేశాను. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన పెద్దమనుషులు తలెత్తి చూశారు. ఆ క్షణం నాకెంత తీపిగా ఉందో దాచను.

బావమరిది ఫోన్ చేశాడు. "ఇజ్జత్ తీసినవ్ గద బావా. ఎవరు పెట్టమన్నరు?"

"నువ్వే. ఫొటో ఇచ్చి గట్లనే పెట్టమన్నవని అందరికి చెప్తున్న."

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఇంట్లో నా భార్య కంచం నా ముందు పెట్టి, వడ్డించకుండానే లోపలికి వెళ్లిపోయేది.

కానీ పగ తీరలేదు. జనం వాడి బొమ్మ చూసి నవ్వారు. కొన్నాళ్లకు వాడూ వాళ్లతో కలిసి నవ్వడం మొదలుపెట్టాడు. దాన్ని తన ఫోనులో అందరికీ చూపించుకున్నాడు. అదే ఒళ్లు, అవే రేకులు. ఆ బొమ్మ ఆమె ఉద్యోగం తీసింది, వాడికి గిరాకీ తెచ్చింది.

ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నవ్వితే ఏమైతదన్నా. గట్ల పెట్టమని నేను అడగలేదని ఏడ రాసున్నది?"

ఎక్కడా లేదు. అందుకని బొమ్మల్లేని ఫ్లెక్సీ ఒకటి తయారుచేశాను. అన్నీ అక్షరాలే. 'ఆమె అడగలేదు. ఆమె గడ్డం వాడితో ఆడి గెలిచింది. ఆ ఒళ్లు పంపినవాడు సూర్యాపేట గేమింగ్ సెంటర్ యజమాని. పొరపాటున అతికించినవాడిని నేను.' కింద షాపు పేరు. కొట్టేముందు ఆమెకు చూపించాను. నిదానంగా చదివి, తెర మీద ఒక మాట దగ్గర వేలు పెట్టింది. 'పొరపాటున'. తీసేశాను.

ఒకటి మిల్లు దారిలో కట్టాను, ఒకటి సూర్యాపేట సెంటర్ ఎదురుగా. ఎదురుగా కట్టినదాన్ని వాడు చింపించాడు. మళ్లీ కట్టాను. మళ్లీ చింపించాడు. చింపనీ. ఫ్లెక్సీ కొట్టే మిషన్ నాది.