రాయచెర్లు ఇన్వర్టర్‌కు రాసిన రెండు మోడళ్ళు

పావగడ సోలార్ పార్కులో చివరి బ్లాకులను గ్రిడ్‌కు కలుపుతున్న ఏడాది, ఆషాఢ మాసంలో, నన్ను రాయచెర్లు సైటుకు పది రోజుల పని మీద పంపారు. అప్పుడు నేను బెంగుళూరులో ఒక ఇన్వర్టర్ల కంపెనీలో సిమ్యులేషన్ విభాగానికి సీనియర్ మేనేజర్‌ని. సర్క్యూట్‌ను కట్టకముందే, లేదా కట్టినది మొరాయించినప్పుడు, కంప్యూటర్‌లో నడిపి చూడటం మా విభాగం పని. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమే గానీ, కుదురుగా కూర్చోవడం నాకెప్పుడూ చేతకాలేదు.

ప్యానెళ్ళు ఇచ్చే డీసీ కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. ఆ బ్లాకులో మా ఇన్వర్టర్లు రెండు, మబ్బు దాటినప్పుడల్లా ఆగిపోతున్నాయి. ఆషాఢపు గాలికి నిడుగల్లు కొండ వైపు నుంచి మబ్బు తునకలు వరసగా పరిగెత్తుకొస్తాయి. ఒక్కో తునక నీడ ప్యానెళ్ళ మీదుగా పోతుంది, ఎండ తిరిగొస్తుంది, ఇన్వర్టర్ మాత్రం పడుకుంటుంది.

మా ఆఫీసులో అందరి అనుమానం కేబుళ్ళ మీద. కేబుల్ చివర నొక్కి బిగించే లోహపు తొడుగును లగ్గు అంటారు. అది వదులైతే అక్కడ నిరోధం పెరిగి వోల్టేజి పడిపోతుంది. లగ్గుల పని చేయించింది కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు తిమ్మరాయప్ప. రాయచెర్లు మనిషి, యాభై దాటినవాడు, పార్కు రాకముందు పంపుసెట్ మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. తప్పు లగ్గులదని నా మోడల్ తేలిస్తే అతని గేటు పాసు రద్దవుతుంది. పాసు లేనివాడికి పార్కులో ఏ కాంట్రాక్టరూ పని ఇవ్వడు. ఈ సంగతి నాకు బెంగుళూరులోనే చెప్పి పంపారు.

మొదటి రోజే అతను నన్ను ప్యానెళ్ళ కేబుళ్ళు వచ్చి కలిసే పెట్టె పెట్టెకూ తిప్పాడు. ప్రతి బోల్టు మీదా, బోల్టు నుంచి లగ్గు మీదికి, ఎర్ర పెయింటుతో ఒక గీత ఉంది. బిగించాక గీత గీస్తారు. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి రెండు ముక్కలుగా కనబడుతుంది.

"చూడప్పా సార్, యాడన్నా గీత చెదిరి ఉండాదా?" అన్నాడు.

చెదరలేదు. అయినా గీత బోల్టు సంగతి చెబుతుంది గానీ లోపల లగ్గు నొక్కుడు సంగతి చెప్పదు కదా అని నాలో నేను అనుకుని, నోట్‌బుక్కులో ఏమీ రాసుకోలేదు. నేను పుట్టింది పావగడ బజారులోనే, మా నాయనది మోటారు సామాన్ల అంగడి అని మాటల్లో తెలిసి అతను సంబరపడ్డాడు. మా అంగట్లోనే రాగి తీగ కొనేవాడట. నాకు మాత్రం ఎప్పుడు కేబిన్‌లోకి పోయి లాప్‌టాప్ తెరుద్దామా అని ఒకటే తొందర.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. ఇన్వర్టర్‌లో ఉండే ప్రతి ట్రాన్సిస్టర్‌నూ లెక్కలోకి తీసుకుంటే ఒక్క మబ్బు దాటడాన్ని లెక్కించడానికే కంప్యూటర్‌కు రోజులు పడతాయి. అందుకని ఒక్కో భాగం లోపల ఏముందో వదిలేసి, బయటికి ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం రాస్తాం. అదే బిహేవియరల్ మోడల్. దాన్ని రాయడానికి ప్రత్యేక భాషలున్నాయి. మా ఆఫీసులో ఏ భాష వాడాలో తేల్చడానికి అంతకు రెండేళ్ళ ముందు కమిటీ వేశారు. అధ్యక్షుణ్ణి నేనే. నా చేతికి అలవాటైన భాష వెరిలాగ్-ఏ. వోల్టేజి, కరెంటులాంటి ఎడతెగకుండా మారే వాటిని రాయడానికి చక్కటి భాష.

మా విభాగంలో సుభాషిణి అనే ఇంజనీరు దాన్ని ఒప్పుకోలేదు. ఇన్వర్టర్ సగమే కరెంటు, మిగతా సగం డిజిటల్ కంట్రోలర్, లోపలి గడియారం టిక్కుమన్నప్పుడే అది చూస్తుంది, టిక్కుమన్నప్పుడే నిర్ణయిస్తుంది అని ఆమె వాదన. కంట్రోలర్ వాళ్ళు తమ తర్కాన్ని వీహెచ్‌డీఎల్ అనే భాషలో రాస్తున్నారు కాబట్టి, దానికే వోల్టేజి, కరెంటు లెక్కలు కూడా చేర్చిన వీహెచ్‌డీఎల్-ఏఎమ్ఎస్‌ను తీసుకుంటే ఆ కోడ్‌ను అక్షరం మార్చకుండా మోడల్‌లో పెట్టుకోవచ్చునంది. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కంట్రోలర్ తర్కాన్ని మనమే మన భాషలోకి తిరగరాసుకుందాం, ఆఫీసుకు ఒక భాష చాలు అని సంతకం పెట్టేశాను.

రాయచెర్లు కేబిన్‌లోనూ అదే చేశాను. ప్యానెళ్ళు, కేబుల్, కెపాసిటర్ చక్కగా కుదిరాయి. కంట్రోలర్ దగ్గరికి వచ్చేసరికి సిమ్యులేటర్ మొండికేసింది. వోల్టేజి ఒక హద్దు కిందికి దిగగానే స్విచ్ తెరుచుకుని కరెంటు తెగిపోవాలి. ఆ హఠాత్తు మార్పు దగ్గర లెక్క ఎటూ తేలక ఆగిపోతోంది. మేం దీన్ని కన్వర్జ్ కాలేదంటాం. నాలుగు రోజులు కేబిన్‌లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అయిదో రోజున, మా వృత్తిలో అందరూ చేసేదే నేనూ చేశాను. హఠాత్తుగా తెగిపడే అంచును మెత్తటి వంపుగా మార్చాను. లెక్క హాయిగా నడిచింది.

నడిచింది గానీ ఇన్వర్టర్ ఆగడం లేదు! కేబుల్ నిరోధాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. మామూలుకు నాలుగింతలు చేశాక ఆగింది. ఇంకేం, లగ్గులు వదులు. గడువుకు ఒక రోజు ముందే నివేదిక పంపేశాను. ఆ తొందర తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున తిమ్మరాయప్ప హెల్మెట్ చేతిలో పట్టుకుని కేబిన్‌కు వచ్చాడు. పాసు లాక్కున్నారట, హెల్మెట్ అప్పజెప్పి పొమ్మన్నారట. కూర్చోమంటే కూర్చోలేదు.

"లగ్గుదే తప్పయితే ఒక్క సారే పడిపోవల్ల గదా సార్? ఇన్వర్టర్ టక్ అంటాది, కొంచేపు నిలిచి మళ్ళా టక్ అంటాది. ఆమీదనే పడుకుంటాది. ఎన్ని దినాలు విన్నానో. మీ కంప్యూటర్‌లో ఆ రెండో టక్ ఉండాదా?"

లేదు. నా మోడల్లో మొదటి టక్ కూడా లేదు. దాన్ని వంపుగా మార్చింది నేనే.

అతన్ని విజిటర్ పాసు మీద ఇన్వర్టర్ గది దగ్గరికి తీసుకుపోయాను. ఆ రోజే ఆకాశం అద్దంలా ఉంది. తిమ్మరాయప్ప నీడన గొంతుకూర్చున్నాడు. నేను గుమ్మానికీ కంచెకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. "మబ్బు మనం పిలిస్తే వస్తాదేంది సార్, కూసోండి," అన్నాడు ఒకసారి. పన్నెండు దాటాక చేతిగుడ్డంత మబ్బు వచ్చింది. నీడ పడింది. లోపల కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ టక్‌మంది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. మళ్ళీ టక్‌మంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

సుభాషిణికి ఫోన్ చేశాను. "నువ్వు చెప్పిందే నిజమైంది, ఆ కంట్రోలర్ కోడ్ యథాతథంగా పెట్టి నడుపమ్మా," అన్నాను. నేనింకా రెండు దెప్పుళ్ళకు సిద్ధపడ్డాను గానీ ఆమె అడిగింది ఒక్కటే: "కేబుల్ నిరోధం ఎంత వెయ్యమంటారు సార్?" మామూలుదే వెయ్యమన్నాను.

రెండు రోజుల్లో ఫలితం వచ్చింది. కంట్రోలర్ ఒక టిక్కులో వోల్టేజిని కొలిచి, దాని మీద చర్య తీసుకునేది తర్వాతి టిక్కులో. మబ్బు అంచున వోల్టేజి పడగానే స్విచ్ తెరుస్తుంది. భారం తీసేయడంతో వోల్టేజి వెంటనే లేస్తుంది, లేచిందని కాసేపటికి మళ్ళీ మూస్తుంది, మూయగానే మళ్ళీ పడుతుంది. ఆ మూసుకోవడమూ వెంటనే తెరుచుకోవడమూ కలిసి ఒకే టక్‌గా వినబడతాయి. రెండోసారి తెరుచుకున్నాక రక్షణ వ్యవస్థ మొత్తాన్ని ఆపేస్తుంది. తెరిచే హద్దుకూ మూసే హద్దుకూ మధ్య చాలినంత ఎడం పెట్టకపోవడం మా సాఫ్ట్‌వేర్ తప్పు. లగ్గులు నిక్షేపంగా ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నది నేను.

నిజానికి వెరిలాగ్-ఏలో కూడా గడియారపు టిక్కును రాసే వీలుంది. నేను రాయలేదు. ఎడతెగని వాటికే అలవాటు పడ్డ చేయి అటు పోలేదు. సుభాషిణి ఎంచుకున్న భాషలో ఆ టిక్కును మర్చిపోవడం కుదరదు, ఎందుకంటే కోడ్‌తోపాటే అది మోడల్లోకి వచ్చేస్తుంది.

మా వైస్ ప్రెసిడెంటు ఫోన్‌లో నన్ను మెచ్చుకుని, రెండో నివేదికను 'సవరించిన ప్రతి' పేరుతో పంపితే చాలన్నాడు. మొదటిదాని ఊసు ఎత్తొద్దన్నాడు. తిమ్మరాయప్పకు పాసు తిరిగి ఇచ్చారు. ఆ మాట చెప్పడానికి నేనే రాయచెర్లులో వాళ్ళింటికి వెళ్ళాను. అతను సంతోషించినట్టు కనబడలేదు.

"పాసు ఇచ్చినారు, మంచిదే. ఆ మొదటి కాగితం యాడ ఉండాది సార్? నా లగ్గు వదులని ఇంగ్లీషులో రాసినారంట గదా. అది అట్నే ఉంటే, రేపు ఏది చెడినా దాన్నే తీసి చూపిస్తారు. మీ నాయన అంగట్లో తీగ చెడ్డదొస్తే, ఆయప్ప మారిచ్చేది గాక, నేనే చెడ్డది ఇచ్చినానప్పా అని పదిమందిలో చెప్పేవాడు."

ఆ సాయంత్రం కేబిన్‌లో సవరించిన ప్రతి మొదటి పేజీ తిరగరాశాను: మొదటి నివేదిక తప్పు, కేబుల్ పనిలో లోపం లేదు, స్విచ్ అంచును వంపుగా మార్చినది నేను, ఆ సంగతి నివేదికలో రాయనిదీ నేను, లోపాన్ని కనిపెట్టింది సైటు సూపర్‌వైజరు తిమ్మరాయప్ప. సంతకం పెట్టి, ఒక ప్రతి అతనికిచ్చి, మిగతావి పంపాను. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషన్ రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కమిటీని మళ్ళీ కూర్చోబెట్టి భాష మార్పించాను. అధ్యక్షురాలు సుభాషిణి. నేను రిటైరయ్యేవరకూ మా విభాగం నుంచి బయటికి పోయిన ప్రతి మోడల్‌కూ మొదటి పేజీలో ఒక పట్టిక ఉండేది: లెక్క నడవడం కోసం మేం ఇందులో మెత్తబరిచినవి, వదిలేసినవి ఏమిటి అని. ఆ పట్టిక ఖాళీగా వస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. మోడల్ రాసే మనిషి దాచిన అంచు ఎక్కడో ఒకచోట ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. ఏ భాషలో రాసినా మోడల్ పేరు కింద మొదట రాయాల్సింది ఆ పట్టికే.