గంగలో ఏరిన రాళ్ళు

మొన్న అల్మారా సర్దుతూ పాత గులకరాళ్ళను కుళాయి కింద కడిగితే ఎరుపు, పచ్చ రంగులు తేలాయి.

వంతెన లేని రోజుల్లో, నాయనమ్మతో పడవెక్కి, మేం గంగ అని పిలిచే గోదావరి దాటి ధర్మపురి జాతరకు పోయిన ప్రతిసారీ గుర్తుగా ఒక రాయి ఏరుకొచ్చేదాన్ని. ఇంటికొచ్చేసరికి అవి ఆరిపోయి వెలవెలబోయేవి. ఓ ఏడు వాటిని ముందేసుకుని ఏడ్చాను.

"బాయినీళ్ళు పోసి సూడు బిడ్డా," అంది నాయనమ్మ.

"వద్దు, గంగనీళ్ళే గావాలె."

ప్రాణం పోయేటప్పుడు తన నోట్లో పోయడానికని దేవుని గూట్లో దాచుకున్న గంగనీళ్ళ రాగిచెంబు తెచ్చి, ఆ నీళ్ళన్నీ రాళ్ళమీద వంపింది. రంగులు చూసి నేను నవ్వాను.

"నాకేం ఫికర్, మల్లేడు జాతరకు తెచ్చుకుంట," అంది.

ఆ జాతర రాకముందే, ఆమె నోట్లో కొడుకుగా మా బాపు పోసినవి బావినీళ్ళు.